ఆరంగుళాల పొలం

పరీక్షకి తెచ్చిన మట్టిని చూసి, తెచ్చినవాడి గుణం చెప్పేయగలను. ఇరవై రెండేళ్ళుగా మట్టి పరీక్షల ప్రయోగశాలలో నా ఉద్యోగం. ఒకడు గట్టు మీది మట్టి గోకి తెస్తాడు, పొలంలోకి దిగితే చెప్పులు పాడవుతాయని. ఇంకొకడు ఎరువు కుప్ప కింది మట్టి తెస్తాడు, ఫలితం బాగా రావాలని. ఒక కళ్ళజోడాయన, చదువుకున్నవాడే, జేబులో పెన్ను కూడా ఉంది, ఏకంగా పక్కవాడి పొలంలో మట్టి సంచికెత్తుకొచ్చాడు. ఎందుకండీ ఇలా చేశారంటే, "మాది అంత బాగుండదు మేడం, రిపోర్టు నలుగురూ చూస్తారు కదా" అన్నాడు. వీళ్ళ దృష్టిలో మట్టి పరీక్ష అంటే పిల్లల పరీక్షే. మార్కులు రావాలి, అంతే. పొలానికి ఏం తక్కువైందో ఎవడికీ అక్కర్లేదు. ఆయన పక్కవాడి రిపోర్టు చూసి తన పొలంలో ఎరువు వేశాడు. పంట దెబ్బతిన్నాక వచ్చి మా మీద విరుచుకుపడ్డాడు.

అందుకని నమూనా తీసే పని నేను ఎవరికీ వదలను. పొలంలో అడ్డదిడ్డంగా నడుస్తూ ఎకరానికి పదిచోట్ల ఆగుతాను. పైన గడ్డీ గాదం తీసేసి, వి ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తవ్వుతాను. గుంట పక్క నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందాన పొర చెక్కి తీస్తాను. పదిచోట్ల మట్టీ కలిపి, గుడ్డ మీద గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండూ పారేస్తాను. అరకిలో మిగిలేదాకా అదే పని. ఎండలో పెట్టను, నీడలోనే ఆరబెడతాను. ఇలా చేయనివాళ్ళని ముఖం మీదే కడిగేస్తాను. అందుకే నాకు 'మట్టి మేడం' అని పేరు పెట్టారు. వాళ్ళు వెటకారానికే పెట్టారు గానీ, నేను బిరుదనుకుని తలకెత్తుకున్నాను.

మా పుట్టింటి పొలం మూడెకరాలు ఎనిమిదేళ్ళ కిందట గని కిందికి పోయింది. మాదొక్కటే కాదు, నలభై రెండు కుటుంబాలవి నూటపది ఎకరాలు. అమ్మకం కాదు, తవ్వుకోవడానికి ఇవ్వడం. ఒప్పందంలో ఒక మంచి మాట ఉంది. ముందు పైమన్ను జాగ్రత్తగా తీసి విడిగా కుప్ప పోయాలి. కింది ఖనిజం తీసుకున్నాక గోతిని రాళ్ళతో పూడ్చి, చదును చేసి, దాని మీద ఆ పైమన్నే మళ్ళీ పరిచి, సాగుకి పనికొస్తుందని పరీక్ష చేయించి పొలం తిరిగి అప్పగించాలి. మా నేల మీద రెండడుగుల మందాన నల్లటి పైమన్ను ఉండేది. రెండడుగులు! అలాంటి నేల ఒక్క అంగుళం తయారవడానికి కొన్ని వందల ఏళ్ళు పడుతుంది. దాన్ని యంత్రంతో తీయడానికి నెలరోజులు పట్టింది.

పొలం పోయాక మా అన్నయ్య గనిలోనే నీళ్ళ ట్యాంకరు డ్రైవరుగా చేరాడు. లారీలు తిరిగే దారుల్లో దుమ్ము లేవకుండా పొద్దున నీళ్ళు చల్లడం, మధ్యాహ్నం ఆఫీసర్ల కాలనీకి నీళ్ళు తోలడం. పొలం తిరిగొస్తుందని వాడికి ఎంత నమ్మకమంటే, మా నాన్న కాలం నాటి కంది విత్తనాన్ని ఈ ఎనిమిదేళ్ళూ చావనివ్వలేదు. కంది గింజ రెండేళ్ళు డబ్బాలో ఉంటే మొలక తగ్గిపోతుంది. అందుకని ఏటా ఇంటి వెనక నాలుగు సాళ్ళు వేసి, కొత్త గింజ తీసి, మళ్ళీ దాచేవాడు. ఆ నాలుగు సాళ్ళకోసం మా వదిన బట్టలారేసే తీగ ఏటా చోటు మార్చుకునేది.

"మీ అన్నకి పెళ్ళాం మీదకంటే ఆ డబ్బా మీదే ప్రేమ ఎక్కువ" అనేది వదిన.

"డబ్బా నోరెత్తదు కదా వదినా" అనేదాన్ని.

"ఎవరి నోరు ఎంతుందో ఊరందరికీ తెలుసులే ఆడపడుచుగారూ" అని మూతి తిప్పేది.

ఇక గనివాళ్ళ సంగతి. పొలాలు తిరిగి అప్పగించే పని చూసే మేనేజరుని అందరూ పచ్చసారు అంటారు. ఏ కాగితం తీసినా, ఏ సభలో మాట్లాడినా ఆయన నోట పచ్చదనం అన్న మాట పదిసార్లు వస్తుంది. ఎప్పుడూ ఇస్త్రీ నలగని చొక్కా, మట్టి అంటని బూట్లు. మూడేళ్ళ కిందట వాళ్ళ సిబ్బందికి శిక్షణ ఇవ్వమని నన్ను పిలిచాడు. నన్ను! మా ప్రయోగశాలలో నా మాట వినేవాడే లేడు, పని చేయించుకునేవాళ్ళే తప్ప. ఆయన వేదిక మీద కుర్చీ వేయించి, మైకు ముందు కూర్చోబెట్టి, తను ముందు వరసలో నోటుపుస్తకం తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. నేను గంటన్నర మాట్లాడాను. ఆ రోజు నా కాళ్ళు నేల మీద లేవని ఒప్పుకోడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

చివర్లో ఆయన లేచి అడిగాడు. "మేడం, నమూనా ఎంత లోతు నుంచి తీస్తారు?"

"ఆరంగుళాలు."

"ఎక్కడైనా అంతేనా?"

"పండ్లతోటలకైతే ఇంకా లోతుకి వెళ్తాం. పంట పొలాలకి ఆరంగుళాలే."

"ఇవన్నీ పంట పొలాలే కదా మేడం" అని రాసుకున్నాడు. ఎంత శ్రద్ధగా వింటున్నాడు, రైతులకి ఇందులో పదోవంతు శ్రద్ధ ఉన్నా బాగుపడేవాళ్ళు కదా అనుకున్నాను. ఇంటికొచ్చి వదినకి కూడా అదే చెప్పాను.

ఈ ఏడాది పొలాలు సిద్ధమయ్యాయన్నారు. నమూనాలు తీసే పని మా ప్రయోగశాలకి వచ్చింది. సొంతవాళ్ళ పొలం ఉంది కదా, వేరేవాళ్ళని పంపుదాం అన్నారు మా పెద్దసారు. నేను ఒంటికాలి మీద లేచాను. వేరేవాళ్ళు అడ్డగోలుగా తీస్తారు, ఎవరి పొలమైనా నా పద్ధతి మారదు అన్నాను. పదిహేను రోజులు తిరిగాను. నల్లటి మట్టి, చదునైన నేల, ఎక్కడ చూసినా ఒకే తీరు. మా మూడెకరాల్లో ముప్పైచోట్ల తవ్వితే నాలుగుచోట్ల పార అడుగున టంగుమంది. రాయి తగిలితే అక్కడ తీయకూడదు, పక్కకి జరగాలి అని పద్ధతి. జరిగాను. ఆ శబ్దం నేను విన్నాను. విని కూడా జరిగాను. పద్ధతి ప్రకారం చేశానని సంతోషపడ్డాను కూడా.

ఫలితాలు బాగా వచ్చాయి. అన్ని పొలాలకీ 'సాగుకు అనుకూలం' అని రాసి, కింద సంతకం పెట్టాను. మన మట్టి మేడమే సంతకం పెట్టిందట అని నలభై రెండు కుటుంబాలూ నిశ్చింతగా నిద్రపోయాయి.

అప్పగింత రోజు పొద్దున ఎనిమిదింటికే పొలంలో ఉన్నాను. పదకొండింటికి సభ. మా అన్నయ్యే మొదటి సంతకం పెట్టాలని పచ్చసారు ఏర్పాటు. మట్టి మేడం అన్నగారు పెడితే మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని పెడతారని ఆయన లెక్క. సంతకం పడిందంటే పొలం రైతుదే, మంచీ చెడ్డా రైతువే. గనికి ఆ నేలతో ఇక ఏ సంబంధమూ ఉండదు. వదిన అప్పటికే కంది గింజలు గుడ్డసంచిలో పోసుకుని, ముందు వరసలో కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఇంకా టెంటు కూడా వేయలేదు, ఎండలోనే కూర్చుంది.

టెంటు ఎందుకు వేయలేదంటే, మేకులు దిగడంలేదు.

టెంటువాడు సమ్మెటతో కొడుతున్నాడు. మేకు కాస్త దిగి, టంగుమని ఆగి, వంగిపోతోంది. పక్కకి జరిగి కొట్టాడు. అదే తంతు. టెంటు మొత్తం పది గజాలు అవతలికి జరిపారు. అక్కడా అంతే. వంగిన మేకులు ఒకపక్క కుప్ప పడ్డాయి. పచ్చసారు మనిషి ఒకడొచ్చి, "గట్టి నేల! అప్పుడే ఎంత గట్టిపడిందో చూశారా!" అని మెచ్చుకున్నాడు. టెంటువాడు వాడి వంక చూసిన చూపు నేను మరిచిపోలేను. ఆ చూపులో ఉన్న తెలివి మా ప్రయోగశాల మొత్తం వెతికినా దొరకదు.

"ఎంతవరకు దిగుతున్నాయి?" అని అడిగాను.

వాడు వంగిన మేకొకటి తీసి ఇచ్చాడు. మట్టి అంటిన మేర నల్లగా ఉంది. ఆ పైన తళతళలాడుతోంది. నా సంచిలో కొలబద్ద ఉంది కానీ తీయలేదు. జానెడు కూడా లేదు. నాకు కొలవక్కర్లేదు, ఇరవై రెండేళ్ళుగా తవ్వుతున్న లోతు అది.

వాడి గునపం తీసుకుని మా పొలంలోకి నడిచాను. మూడుచోట్ల తవ్వాను. పైన ఆరంగుళాలు నల్లమట్టి, మెత్తగా, చక్కగా. ఆ కింద బూడిదరంగు రాళ్ళు. గనిలో మందు పెట్టి పేల్చిన రాళ్ళు, అంచులు కత్తుల్లా ఉన్నాయి. కంది వేరు మనిషి నిలువంత లోతుకి పోతుంది. ఈ రాళ్ళలో ఎక్కడికి పోతుంది? మొదటి వానకి మొలుస్తుంది, ఎండ ముదరగానే మాడిపోతుంది. పెద్దవాన పడితే ఆరంగుళాల మట్టీ వాగులోకి జారిపోయి, అన్నయ్య చేతిలో మూడెకరాల రాళ్ళు మిగులుతాయి.

పచ్చసారు వేదిక దగ్గర పూలకుండీలు సర్దిస్తున్నాడు. మేకు ఆయన ముందు పెట్టాను.

"ఆరంగుళాల కింద రాళ్ళేంటండీ?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఆరంగుళాల కింద మీరు చూడరు కదా మేడం?"

"నేను చూడకపోతే?"

"మీరే చెప్పారు కదా, శిక్షణలో." ఆయన బల్ల మీది సంచిలోంచి ఆ నోటుపుస్తకం తీసి పేజీ తెరిచి చూపించాడు. తేదీతో సహా ఉంది. 'మట్టి మేడం, ఆరు అంగుళాలు'. కింద రెండు గీతలు. "మేం అంగుళం కూడా తక్కువ పరచలేదు. కావాలంటే ఎక్కడైనా కొలుచుకోండి."

నాకు ఆయన్ని కొట్టాలనిపించింది. అంతకంటే ముందు నన్ను నేను కొట్టుకోవాలనిపించింది. ఆయన దొంగ కూడా కాదు. దొంగైతే కనీసం తడబడేవాడు. మట్టి అంటే పరీక్షకి వచ్చేంత మేరే అని ఆయన మనస్ఫూర్తిగా నమ్మాడు. పరీక్షలో రాని పాఠం చదవడమెందుకన్నట్టు, పరీక్షకి అందని మట్టి పరచడమెందుకని వదిలేశాడు. పక్కవాడి మట్టి తెచ్చిన కళ్ళజోడాయనకీ ఈయనకీ తేడా ఇస్త్రీ చొక్కా ఒక్కటే. ఆయనకి ఆ లోతు చెప్పిందేమో నేను.

మా పెద్దసారు అప్పటికే వచ్చి ఫ్యాను ఎదురుగా కూర్చున్నారు. విషయం చెప్పాను. ఆయన మంచివారు. ఎవరికీ చెడ్డ కాకుండా ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చిన మంచితనం.

"నీ రిపోర్టు ఆరంగుళాల వరకు కరెక్టే కదమ్మా?"

"కరెక్టే సార్."

"మరి కరెక్టుగా ఉన్న రిపోర్టుని ఎట్లా వెనక్కి తీసుకుంటాం? కుదరదు." ఆయన గొంతు తగ్గించారు. "ఒక్కటే దారి. నమూనా తీయడంలోనే తప్పు జరిగిందని తీసినవాళ్ళు రాసిస్తే, రిపోర్టు దానంతటదే చెల్లదు. కానీ నువ్వు రాస్తావా? నీ మీద ఎంక్వయిరీ పడుతుంది. ఇన్నేళ్ళు నువ్వు తీసిన నమూనాలన్నీ తిరగతోడతారు. ఆలోచించుకో. ఇవాళ్టికి ఊరుకుంటే, తర్వాత మెల్లగా ఒక ఉత్తరం రాద్దాం."

ఆయన మెల్లగా రాసే ఉత్తరాలు ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. వాటిని ఫైలులో పెట్టేది నేనే.

నా నమూనాలో తప్పుందని నేనే రాయాలి! ఉన్న మాట చెప్పేస్తున్నాను, అన్నయ్య పొలం ఒకవైపూ నా పేరు ఇంకోవైపూ పెట్టి చూసుకుంటే, వెంటనే పొలమే కావాలనుకోలేకపోయాను. పిల్లలు లేరు, ఆస్తులు లేవు, నాకున్నదల్లా ఆ పేరొక్కటే. ఎందరి ముఖం మీద సంచులు విసిరికొట్టాను! ఎందరి ఎదుట ఆ నాలుగు భాగాల పాఠం చెప్పాను! వాళ్ళందరూ అక్కడే, ఆ కుర్చీల్లోనే ఉన్నారు.

టెంటు ఎలాగో నిలబెట్టారు. మేకులు మానేసి తాళ్ళకి పెద్దపెద్ద రాళ్ళు కట్టారు. ఆ రాళ్ళు ఎక్కడివో ఎవరూ అడగలేదు. పచ్చసారు పచ్చదనం గురించి మాట్లాడాడు. చప్పట్లు పడ్డాయి. అన్నయ్యని పిలిచారు. ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, వేదిక ఎక్కి పెన్ను అందుకున్నాడు. వదిన ఒళ్ళోని సంచి రెండు చేతులతో పట్టుకుంది. ఫొటో తీసేవాడు కాస్త ఇటు తిరగమంటే అన్నయ్య అటూ ఇటూ చూసి, నన్ను చూసి నవ్వాడు. మా ఇంట్లో ఎవరూ అంత నిబ్బరంగా నవ్వగా నేను ఎనిమిదేళ్ళుగా చూడలేదు. ఆ నవ్వుకి పూచీ నా సంతకం.

సభకి వచ్చినవాళ్ళ పేర్లు రాసే కాగితం వెనక్కి తిప్పి రాశాను. 'నమూనా తీయడంలో నా వల్ల పొరపాటు జరిగింది. ఈ పొలాలకు నేనిచ్చిన రిపోర్టులేవీ చెల్లవు.' సంతకం పెట్టి, తీసుకెళ్ళి అన్నయ్య పెన్ను కింద పెట్టాను.

"ఏంటిది?" అన్నాడు.

"చదువు."

వాడు చదవడం నిదానం. పెదవులు కదుపుతూ చదివాడు. రెండోసారి చదివాడు. తర్వాత మైకులోనే అడిగాడు, "నువ్వా? పొరపాటా?"

కుర్చీల్లోంచి నవ్వులు. కళ్ళజోడాయన లేచి నిలబడ్డాడు. ఆయన పొలం కూడా ఆ నూటపదిలో ఉంది. "అయితే మేడం, మమ్మల్ని తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటారా?" అన్నాడు. ఎన్నేళ్ళుగా కడుపులో పెట్టుకున్నాడో, సంబరంగా అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. నా ముఖం మాడిపోయింది. నవ్వనీ అనుకున్నాను. ఈ నవ్వు నాకు రావలసిందే.

"అన్నయ్యా, గునపం తీసుకో. తవ్వి చూడు" అన్నాను.

వాడు వేదిక దిగి, టెంటువాడి గునపం అందుకుని, అందరూ చూస్తుండగా నేలలోకి ఒక్క పోటు పొడిచాడు. టంగుమంది. ఇంకోచోట పొడిచాడు. నవ్వులు ఆగిపోయాయి. వదిన లేచొచ్చి, కొంగు నడుముకి దోపి, ఆ గుంటలోకి చెయ్యి పెట్టింది. రాయి ఒకటి పెళ్ళగించి తీసి పచ్చసారు ఎదుట బల్ల మీద, పూలకుండీ పక్కన పెట్టింది.

"ఇందులో కంది మొలుస్తుందాండీ?" అని మర్యాదగానే అడిగింది.

అన్నయ్య నెమ్మదిగా వచ్చి పచ్చసారు ముందు నిలబడ్డాడు. "మా మట్టి రెండడుగులుండేది సార్. ఇక్కడ అరడుగే ఉంది. మిగతాది ఏది?"

పచ్చసారు నీళ్ళు నమిలాడు. "కుప్ప పోసినప్పుడు కొంత వానలకి కొట్టుకుపోయిందండీ."

"కప్పలేదా?" అన్నాను. "గడ్డి విత్తనం చల్లి ఉంటే నిలిచేది కదా."

"దానికి వేరే విభాగం ఉంది మేడం."

"మిగతాది?" అన్నాడు అన్నయ్య మళ్ళీ.

"కొంత... వాడుకలో ఉంది. కాలనీలో. అప్పట్లో అక్కడంతా రాతి నేల కదండీ, ఏమీ మొలిచేది కాదు. ఆఫీసర్ల కుటుంబాలు ఇబ్బంది పడేవాళ్ళు."

అన్నయ్య కాలనీ వైపు తిరిగాడు. వాడి చేతిలో గునపం అలాగే ఉంది. ఆరేళ్ళుగా ఆ కాలనీ పచ్చికకి నీళ్ళు తోలింది వాడే. రోజూ మధ్యాహ్నం రెండు ట్యాంకర్లు.

నడుచుకుంటూ పోయాం. రోడ్డు దాటితే కాలనీ. అన్నయ్య, వదిన, నేను, వెనక ఓ పాతికమంది. గేటు దగ్గర కాపలావాడు అన్నయ్యని రోజూ చూసేవాడే కాబట్టి తెరిచేశాడు. లోపల ఇరవై ఎకరాల పచ్చిక, తివాచీ పరిచినట్టు. పూలమొక్కలు, నీడచెట్లు, పిల్లలు ఆడుకునే ఉయ్యాలలు. మా జిల్లా మొత్తంలో నేలని ఇంత పద్ధతిగా కాపాడిన చోటు నేను చూడలేదు. గడ్డి వేళ్ళు మట్టిని గట్టిగా పట్టుకున్నాయి, ఒక్క రేణువు కూడా జారిపోలేదు. నేను ఏళ్ళ తరబడి రైతులకి చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నవన్నీ ఇక్కడ చేసి చూపించారు, ఉయ్యాలల కింద.

అన్నయ్య ఒక మూల గునపం దించాడు. మెత్తగా దిగిపోయింది. నేను పారతో తీశాను. ఆరంగుళాలు. అడుగు. అడుగున్నర. రెండడుగులు. నల్లగా, తడిగా, కమ్మటి వాసనతో ఇంకా వస్తూనే ఉంది. వదిన ఒక పిడికెడు తీసుకుని నలిపి, అందులోంచి తెల్లటి సున్నపు గింజలు నాలుగు ఏరి అరచేతిలో చూపించింది. అవి మా పొలం దిగువ సాళ్ళలో ఉండేవి. పెళ్ళయి వచ్చిన కొత్తలో, కలుపు తీసేటప్పుడు గోళ్ళలో ఇరుక్కుంటాయని ఆవిడ ఎప్పుడూ విసుక్కునేది.

"మనదే" అంది. ఆ తర్వాత మాట్లాడలేకపోయింది. మా వదిన మాట్లాడలేకపోవడం నేను అదే మొదటిసారి చూశాను.

పచ్చసారు వెనకనుంచి రొప్పుకుంటూ వచ్చాడు. "అయ్యో, గడ్డి పాడైపోతుందండీ!" అన్నాడు. మనిషి నోటినుంచి ఇలాంటి మాట ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"ఈ మట్టి తీసి మా పొలంలో వేయండి" అన్నాను.

"అది నా చేతుల్లో లేదు మేడం. పైనుంచి అనుమతి రావాలి. కాలనీవాళ్ళు ఒప్పుకోవాలి. కోర్టు, గీర్టు... ఏళ్ళు పడుతుంది."

అవతల టెంటు కింద అప్పటికే పదకొండు మంది సంతకాలు పెట్టేశారని తర్వాత తెలిసింది. రాళ్ళు కళ్ళారా చూసి కూడా పెట్టారు. ఫొటో తీసేవాడు వెళ్ళిపోతాడని కొందరు, పెద్దమనుషులు నొచ్చుకుంటారని కొందరు. కళ్ళజోడాయన మాత్రం, "రిపోర్టులో మాది అందరికంటే బాగుంది కదా" అని పెట్టాడట. ఆ రిపోర్టు చెల్లదని నేను రాసిన కాగితం ఆయన మోచేతి పక్కనే ఉంది.

మా అన్నయ్య పెట్టలేదు. గేటులోకి నడిచి వచ్చినవాళ్ళెవరూ పెట్టలేదు. కోర్టుకే పోతామన్నారు. నేను సాక్ష్యం చెబుతానన్నాను. పొరపాటు నాదని రాసిచ్చినదాన్ని, నా సాక్ష్యం ఏ మేరకు నిలుస్తుందో నాకూ తెలియదు.

అందరూ వెళ్ళిపోతున్నారు. తిరిగి చూస్తే అన్నయ్య ఆ గుంట దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, తీసిన మట్టినంతా రెండు చేతులతో మళ్ళీ లోపలికి తోస్తున్నాడు. కిందిది కిందే, పైది పైనే పడేలా, వరస తప్పకుండా. ఆఖరికి గడ్డి పెళ్ళ కూడా యథాస్థానంలో పెట్టి, అరచేత్తో అదిమాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వాళ్ళ గడ్డికి నువ్వు సేవ చేస్తున్నావా? ఉండనీ, ఎండి చావనీ!" అని అరిచాను.

"ఎండితే మట్టి లేచిపోతుందమ్మా" అన్నాడు తల ఎత్తకుండా. "ఇంకా ఎన్నేళ్ళో ఇక్కడే ఉండాలి."

లేచి మోకాళ్ళు దులుపుకోకుండానే గేటు వైపు నడిచాడు. మధ్యాహ్నం ట్యాంకరు వేళైంది.

ఇరవై రెండేళ్ళలో నేను తిట్టని రైతు లేడు. అక్కడే నిలబడి ఏడ్చాను, పచ్చసారు చూస్తున్నా సరే. ట్యాంకరు వచ్చింది. అన్నయ్య దిగి, గొట్టం విప్పి, ఆ మూల నుంచే నీళ్ళు పెట్టడం మొదలుపెట్టాడు.